కంప్యూటర్లో సగం

చెక్కబద్దను ఎడమ అరచేత్తో అద్దం మీద అదిమిపట్టి, కోతపెన్ను మొనను కిరోసిన్ గిన్నెలో ముంచి తీసి, అతను ఊపిరి బిగబట్టాడు. పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాడు. కొత్తగుడ్డ చింపినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటే గీత సరిగ్గా పడ్డట్టు. మధ్యలో తడబడిందంటే ఆ అద్దం అక్కడే మొండికేస్తుంది. ఇవాళ తడబడలేదు. పలకను బల్ల అంచుకి జరిపి, బొటనవేళ్ళతో కొంచెం వంచగానే టప్పుమని రెండుగా విడిపోయింది. అంచుల్ని ఆకురాయితో నిమిరి, పాత పేపరు చుట్టి, గోడకి ఆనించాడు.

"ఏమయ్యా వజ్రం, సెలూను అద్దాలు ఎంతవరకొచ్చాయి?" ముందుగదిలోంచి యజమాని కేకేశాడు.

"ఇదే ఆఖరిదండీ."

కోతపెన్ను మొనలో ఆవగింజలో సగమంత వజ్రం ఉంటుంది. దాని పుణ్యమా అని అతనికా పేరు వచ్చింది. ఒంటిమీద వెండి ఉంగరమైనా లేని మనిషిని పట్టుకుని వజ్రం అని పిలవడంలో ఉన్న వెటకారం మొదట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు పిలిచేవాళ్ళూ మర్చిపోయారు, పలికేవాడూ మర్చిపోయాడు. బక్కపల్చటి మనిషి. వేళ్ళనిండా పాతకోతల తెల్లటి మచ్చలు. మీసం నెరిసింది గాని చెయ్యి ఇంకా వణకడం లేదు. ఇన్నేళ్ళుగా అద్దాల మధ్య తిరుగుతున్నాడన్న మాటేగాని తన మొహాన్ని తీరిగ్గా చూసుకున్న పాపాన పోలేదు. అద్దం ఎత్తి పట్టుకుంటే అతనికి కనిపించేవి బుడగలూ, గీతలూ, మూల విరుపులూను.

బల్ల కింద, గాజుపెంకులు తగలకుండా ఓ మూలకి, పాత దుప్పట్లో చుట్టిన మూట ఒకటి ఉంది. పొద్దున దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని వస్తుంటే యజమాని నోరు ఊరుకోలేదు.

"ఏంటయ్యా అది, పసిపిల్లని తెచ్చినట్టు తెస్తున్నావ్?"

"మా ఇంట్లో కంప్యూటరండీ. దానికి ఒంట్లో బాగోలేదు. సెలూన్లో అద్దాలు బిగించేశాక నాకు సెలవు కావాలి. సాయంత్రం మా అక్క రైలెక్కుతోంది."

చివరి మాట అనేటప్పుడు అతను దుప్పటి కొస సర్దుతున్నాడు.

కంప్యూటరు జబ్బు సంగతి ముందు కనిపెట్టింది వజ్రమే. అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే పెట్టెలోంచి టిక్ మని వినిపించింది. కాస్సేపాగి మళ్ళీ టిక్. లోపలెక్కడో బీట తీసిన అద్దానికి ఎండ తగిలినప్పుడు అలాంటి చప్పుడే వస్తుంది. అప్పటికి అద్దం చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. చూస్తుండగానే ఓ రోజు చెప్పాపెట్టకుండా నిలువునా జారిపోతుంది. "అక్కా, దీని పని అయిపోవచ్చింది" అన్నాడు. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని చెవి దగ్గర పెట్టి విని, "హార్డ్ డిస్క్ రా. మార్చాలి. పంపకం పూర్తయ్యేదాకా ఓపిక పడుతుందేమో చూద్దాం" అంది.

పంపకం అన్న మాట ఇంట్లోకి తెచ్చింది అక్క కాదు. వజ్రమే తెచ్చాడు. తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, అప్పట్నుంచి దాన్ని మోస్తూనే ఉన్నాడు.

అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి అతను నిక్కర్లేసుకునే వయసులో ఉన్నాడు. అక్క అప్పుడే కాలేజీ మానేసి నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో కూర్చుంది. ఇంట్లో ఇద్దరే, వచ్చేది ఒక్క జీతం. యాపిల్ కొన్నా, దుప్పటి కొన్నా, ఆఖరికి కిటికీ పక్కన చోటైనా రెండు వాటాలే. వాటాల దగ్గర తమ్ముడు పేచీ పెట్టకుండా అక్క ఓ పద్ధతి కనిపెట్టింది. ఒకరు కోస్తే ఇంకొకరు ఎంచుకోవాలి. కోసినవాళ్ళకి ఎంచుకునే హక్కు లేదు. మొదట్లో కత్తి అతని చేతికిస్తే, అక్క పెద్దముక్క లాక్కుంటుందేమోనని నాలుక బయటపెట్టి మరీ సమంగా కోసేవాడు. ఎటుచూసినా తేడా రాకుండా ఒక వస్తువుని రెండు చెయ్యడం అతని చేతికి అలా పట్టుబడింది. తర్వాత ఆ చేతితోనే అన్నం తిన్నాడు.

పెద్దయ్యాక పద్ధతి అలాగే ఉంది గాని లోపల వ్యవహారం తిరగబడింది. కోసేవాళ్ళు కావాలని ఒక ముక్క పెద్దది చేసేవాళ్ళు, ఎదుటివాళ్ళు దాన్ని తీసుకుంటారని. ఎంచుకునేవాళ్ళు కావాలని చిన్నది తీసుకునేవాళ్ళు. పెద్దముక్క పళ్ళెంలో ఎవరికీ కాకుండా మిగిలిపోయేది. "తినరా మొద్దూ", "నువ్వు తినవే" అనుకుంటూ దాన్ని మళ్ళీ రెండుగా కోసేవాళ్ళు. ఆ ఇంట్లో ప్రేమ అంటే అదే. దానికి వేరే పేరు పెట్టి పిలవాలని ఇద్దరికీ తోచలేదు.

అక్కకి వచ్చిన సంబంధాల్ని అక్కే తిప్పి పంపింది. తమ్ముడి చదువవ్వాలంది, తమ్ముడు పనిలో కుదురుకోవాలంది. అతను కుదురుకునేసరికి సంబంధాలు రావడం మానేశాయి. అతనికి ఒకటి కుదిరినట్టే కుదిరి చెడింది. మళ్ళీ వెతుకుదామని అక్క అంటే "చూద్దాంలే" అన్నాడు. ఆ చూద్దాంలే అన్న మాట మీదే ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది.

అలాంటి ఇంట్లోకి కుళాయి ఆయన వచ్చాడు. భార్య పోయిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు, బట్టతల. పెరట్లో కుళాయి కారుతోందని ఆఫీసుకి ఫిర్యాదు తెచ్చాడు. మనుషులు వెళ్ళి బాగుచేశారు. ఆయన మళ్ళీ వచ్చాడు, అదే కుళాయి కారుతోందని. మనుషులు వెళ్ళి చూస్తే అది చుక్క కూడా రాల్చడం లేదు. ఫిర్యాదుతో పని కుదరదని తేలాక ఆయన ఇంకో దారి పట్టాడు. వచ్చినప్పుడల్లా గొడుగు కౌంటరు మీద మర్చిపోయేవాడు. మర్నాడు దానికోసం వచ్చేవాడు. "ఎండాకాలంలో కూడా గొడుగు మర్చిపోతాడురా ఆ మనిషి! మళ్ళీ రావాలంటే ఏదో ఒకటి వదిలేసి వెళ్ళాలి కదా, పాపం" అని అక్క పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది. వజ్రం కూడా నవ్వేవాడు. అది నవ్వుకునే విషయంలాగే ఉండేది అప్పట్లో.

అక్క ఉద్యోగ విరమణ చేసింది. ఆయన తన సొంత ఊరికి వెళ్ళిపోయాడు, రైల్లో ఓ రాత్రంతా ప్రయాణం. వెళ్ళాక ఫోన్లు మొదలయ్యాయి. ఓ రోజు అక్క వంటగది గుమ్మంలో నిలబడి, "నీకో సంగతి చెప్పాలిరా" అంది. ఆయన్ని పెళ్ళి చేసుకుంటానన్న మాట విని, "మంచిదే" అన్నాడు వజ్రం. రెండు రోజులు ఆ ఒక్క మాట మీదే ఉండిపోయాడు. మూడోనాడు అక్క బీరువా ముందు కూర్చుని తన చీరలు వేరు చేసుకుంటుంటే, ఎందుకో ఒళ్ళు మండింది.

"అయితే పంపకాలు చేసేసుకుందాం. గిన్నెలూ, బట్టలే కాదు. కంప్యూటర్లో కూడా సగం నీదే. ఫోటోలూ పాటలూ అన్నీ. నీ సగం తీసుకుని మరీ వెళ్ళు."

అక్క చేతిలో చీర మడత ఆగిపోయింది. తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో, "సరేరా. పంచుకుందాం" అంది.

ఆ సాయంత్రంనుంచీ అన్నాలయ్యాక కంప్యూటరు ముందు రెండు కుర్చీలు పడ్డాయి. అతనిది చెక్కకుర్చీ, అక్కది పూలగుడ్డ మెత్త వేసిన ప్లాస్టిక్ కుర్చీ. ఓ రోజు అక్క ఫోటోల్ని రెండు కుప్పలు చేస్తే అతను ఎంచుకునేవాడు. మర్నాడు అతను చేస్తే అక్క ఎంచుకునేది. యాపిల్ దగ్గర చేసిన మోసమే ఇక్కడా చేసుకున్నారు. అతను బాగున్న ఫోటోలన్నీ ఒక కుప్పలో పోస్తే అక్క రెండోది తీసుకునేది. "ఇదెప్పటిదే? ఈ చొక్కా నాకెప్పుడు కొన్నావ్?" "ఆ ఎర్రగళ్ళదా? అది నీది కాదురా, ఫోటో కోసం పక్కింటివాళ్ళని అడిగి తొడిగాను." ఏళ్ళ తరబడి పక్కపక్క గదుల్లో ఉండి చెప్పుకోని కబుర్లన్నీ ఆ కుర్చీల్లో చెప్పుకున్నారు. అతని కోపం ఎప్పుడో ఆవిరైపోయింది. కాని నోటినుంచి జారిన మాటని వెనక్కి తీసుకునే విద్య అతనికి రాదు. ఇవాళ సాయంత్రంలోగా తీసుకోవాలి. రైలు కదిలాక ఇక ఎవరితో చెప్తాడు?

*

కంప్యూటర్ల షాపు ఓ మేడమీద ఇరుకు గది. గోడలనిండా అట్టపెట్టెలు, బల్లనిండా మరమేకులు. అక్కడ కూర్చున్న అమ్మాయి జుట్టు ముడిచి, అందులో పెన్సిలు గుచ్చుకుంది. దుప్పటి విప్పి, పెట్టె పక్క రేకు ఊడదీసి, లోపలి దుమ్ముని చిన్న బ్రష్‌తో ఊడ్చింది.

"సమయానికి తెచ్చారు బాబాయ్. ఇంకో వారం ఆగుంటే మీకు దుప్పటి ఒక్కటే మిగిలేది."

"టిక్కుమంటోంది."

"అంటుంది మరి. లోపల పళ్ళెంలాంటిది గిర్రున తిరుగుతూ ఉంటుంది. దానిమీద పుల్లలాంటిది ఒకటి అటూ ఇటూ వెళ్తుంది. ఆ పుల్లకి ఎక్కడ ఆగాలో తెలీడం లేదు." ఆమె కొత్త డిస్కులు రెండు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి అరచేతిలో పట్టేంత, బిస్కెట్టంత పల్చన. రెండోది ఇటుకముక్కలా బరువుగా ఉంది. "ఇది కొత్తరకం. ఇందులో తిరిగేదేమీ ఉండదు. మీట నొక్కి చెయ్యి తీసేలోపు కంప్యూటరు లేచి కూర్చుంటుంది. ఇదేమో మీ పాతదాని లాంటిదే. నిదానం. కాని ఎక్కువ పడతాయి, ఖరీదు కూడా తక్కువ. ఇంట్లో దేనికి వాడతారు?"

"ఫోటోలు చూస్తాం. పాటలు వింటాం."

"అయితే ఏదైనా పర్లేదు. నన్నడిగితే కొత్తదే తీసుకోండి. అసలు చప్పుడే ఉండదు."

వజ్రం పల్చటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బరువే లేదు. చెవి దగ్గర పెట్టుకోబోయి, ఆ అమ్మాయి చూస్తోందని దించేశాడు.

"చప్పుడు అస్సలుండదా?"

"అస్సలు. ఆన్‌లో ఉందో లేదో కూడా తెలీదు."

రేపట్నుంచి పనినుంచి వచ్చి తాళం తీస్తే ఇల్లెలా ఉంటుందో అతనికి ఆ క్షణాన తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ అతను తలుపు తోసేసరికి లోపల ఏదో ఒక చప్పుడు ఉండేది. గరిటె చప్పుడో, అక్క దగ్గో, కుట్టుమిషనో. దాన్ని ఎప్పుడూ ప్రత్యేకంగా విన్నది లేదు.

"ఆ రెండోది ఓసారి తిప్పి చూపిస్తావామ్మా?"

ఆమె ఆశ్చర్యపోయి, ఇటుకముక్కలాంటిదానికి తీగలు తగిలించింది. లోపల ఏదో ఒళ్ళు విరుచుకుని లేచినట్టయి, తర్వాత సన్నగా, ఆగకుండా, పక్కగదిలో ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు మొదలైంది. వజ్రం బల్లమీదికి వంగి చెవి ఆనించాడు. తడబాటు లేదు. మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది.

"ఇదివ్వు."

"అందరూ చప్పుడు వద్దంటారు బాబాయ్. మీరేంటి, అడిగి మరీ చప్పుడు కొనుక్కుంటున్నారు!"

"ఇంట్లో కాస్త చప్పుడుండాలమ్మా." చేతిగుడ్డతో మొహం తుడుచుకుని, రాత్రినుంచి మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంటున్న మాట అప్పగించాడు. "ఇంకొకటి కూడా కావాలి. బయట పెట్టుకునేది, సంచిలో వేసుకెళ్ళేది. ఇందులో ఉన్నవి మేం రెండు వాటాలు వేసుకున్నాం. అక్క పేరుతో ఉన్న వాటా తీసి అందులో పెట్టు. ఆవిడ పట్టుకెళ్తుంది. నా పేరుతో ఉన్నది నాకుంచు."

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "వాటాలేంటి బాబాయ్? కాపీ చేసిస్తాను. అన్నీ ఇందులోనూ ఉంటాయి, అన్నీ అందులోనూ ఉంటాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఆవిడ పట్టుకెళ్ళాక, నాకూ ఉంటాయా?"

"అయ్యో, ఎక్కడికి పోతాయి? ఆవిడకెన్నో మీకూ అన్నే."

వజ్రం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. కెమెరాలోంచి కంప్యూటర్లోకి ఫోటోలు ఎక్కించాక కెమెరా ఖాళీ అయిపోవడం అతను చాలాసార్లు చూశాడు. బీరువాలోంచి తీసి పెట్టెలో పెట్టినట్టే అనుకున్నాడు. చేతిలోకి వచ్చిన ప్రతి వస్తువునీ రెండు చేసే మనిషికి, ఒక వస్తువు రెండుచోట్లా పూర్తిగా ఉండొచ్చన్న ఆలోచన ఎలా వస్తుంది?

"కాపీ కావడానికి టైం పడుతుంది. మధ్యాహ్నం దాటాక రండి" అంది అమ్మాయి. అతని మొహం చూసి మెల్లిగా అడిగింది, "నేనేమన్నా తప్పు మాట అన్నానా?"

"లేదమ్మా. చాలా మంచి మాట చెప్పావ్."

*

సెలూన్లో అద్దాలు ఎదురెదురు గోడలకి బిగించాలి. మరమేకుల కింద రబ్బరు ముక్కలు పెట్టి, ఒక్కోటీ కొంచెం కొంచెం బిగిస్తూ పోయాడు. ఒకేచోట గట్టిగా బిగిస్తే అద్దం అలుగుతుంది. ఆఖరిది పట్టించి, చేతిగుడ్డతో తుడిచి, వెనక్కి జరిగి చూశాడు. ఎదుటి అద్దంలో అతనున్నాడు. ఆ వెనక అద్దంలో అతని వీపుంది. దాని వెనక మళ్ళీ అతను, మళ్ళీ వీపు, అలా లోపలికంటా వరసగట్టి నిలబడ్డారు. ఎంతమందున్నా ఏ ఒక్కడూ చెయ్యి తక్కువై గాని కాలు తక్కువై గాని లేడు. పొట్టకూటి కోసం ఇన్నేళ్ళు అద్దాలే బిగించి, ఈ చిన్న సంగతి షాపులో అమ్మాయి చెబితే తెలుసుకున్నందుకు అతనికి నవ్వొచ్చింది.

నవ్వు మధ్యలో ఇంకోటి గుర్తొచ్చింది. నీళ్ళ ఆఫీసులో అక్క పనేమిటి? వచ్చినవాళ్ళ ఫిర్యాదు కంప్యూటర్లో కొట్టడం. ఆఫీసుకి ఒక కాపీ, మనిషికి ఒక కాపీ ఇచ్చి పంపడం. ఏళ్ళ తరబడి చేసింది అదే. పాత హార్డ్ డిస్క్ చప్పుడు విని ఠక్కున పేరు చెప్పిన మనిషికి కాపీ సంగతి తెలియదా? తెలుసు. పంచుకుందాం అన్ననాడే తెలుసు.

చేతిగుడ్డ పట్టుకుని అలా నిలబడిపోయాడు. "ఏమైందయ్యా?" అన్నాడు మంగలి. "ఏం లేదు. మా అక్క చాలా దొంగది" అన్నాడు వజ్రం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అద్దాలనిండా అవే కళ్ళు కనిపిస్తుంటే దాచుకోవడానికి చోటు లేకపోయింది.

*

అతను దుప్పటి మూటతో ఇంటికొచ్చేసరికి అక్క రెండు సూట్‌కేసులూ గుమ్మం పక్కన పెట్టి, తల దువ్వుకుని సిద్ధంగా ఉంది. లేత నీలంరంగు చీర కట్టుకుంది. నిన్న పొద్దున్న రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేసొచ్చిన చీరే అది. సాక్షి సంతకం వజ్రమే పెట్టాడు. అప్పుడు కూడా కుళాయి ఆయనతో పెన్ను ఇచ్చి పుచ్చుకోవడం తప్ప మాట్లాడలేదు.

"బతికిందా?" అంది అక్క.

"బతికింది. పాతది మాత్రం అంతా అప్పజెప్పేసి ఆగిపోయిందిట." జేబులోంచి చచ్చిపోయిన డిస్కు తీసి కిటికీలో పెట్టాడు. తీగలు తగిలించి మీట నొక్కాడు. పెట్టెలోంచి ఊపిరిలాంటి చప్పుడు మొదలైంది.

"ఇప్పుడు చప్పుడు లేనివి వస్తున్నాయి కదరా?"

"వస్తున్నాయి. నాకు నచ్చలేదు."

అక్క తన కుర్చీ లాక్కుని కూర్చుంది. పంచుకోని ఫోటోల కుప్ప ఒకటే మిగిలింది. దానికి అక్క పెట్టిన పేరు 'చెడిపోయినవి'. ఏ ఫోటో కుదరకపోయినా పారెయ్యకుండా అందులో పడేసేది. తలలు తెగిన మనుషులు, చీకటి గదులు, గాల్లో చెంచా, పరిగెత్తే ఏదో.

"ఇదేంటే?"

"నా బొటనవేలు. సగం ఫోటోల్లో అదే ఉంటుంది."

"ఇది?"

"నీ మోకాళ్ళు. నువ్వు నిద్రపోతుంటే తీశాను. మొహమనుకుని."

ఇద్దరూ నవ్వారు. ఎవరూ ఎంచుకోని ఫోటోల్లోనే ఇంట్లో రోజువారీ బతుకంతా ఉంది. గోడమీద క్యాలెండరు, తీగమీద ఆరేసిన తువ్వాలు, అక్క చెయ్యి, సగం తాగిన టీ గ్లాసు. చివరిదాకా చూశాక అక్క, "ఇవాళ వాటాలు వెయ్యడం నీ వంతు. కానీ" అంది.

వజ్రం మౌస్ పట్టుకున్నాడు. ఒక్కొక్కటీ కాకుండా అన్నిటినీ కలిపి ఒకేసారి పట్టి, అక్క పేరున్న కుప్పలోకి లాగాడు. తన కుప్పలో ఒక్కటీ పెట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఊఁ. ఎంచుకో" అన్నాడు.

అక్క తెరవైపు చూసింది. నిండిన కుప్పనీ, ఖాళీ కుప్పనీ చూసింది. నెమ్మదిగా కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"షాపులో చెప్పేశారా?"

"చెప్పేశారు."

"ఆ మాట ఎవరైనా చెప్పేలోపు బండెక్కేద్దామనుకున్నాను."

"నీకు మొదట్నుంచీ తెలుసు కదే?"

"తెలుసు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా? రెండు నిమిషాల పని. ఇన్ని సాయంత్రాలు కూర్చోబెట్టావ్!"

"అందుకే చెప్పలేదు." అక్క కళ్ళజోడు తుడుస్తూనే ఉంది. "చెబితే ఆ రెండు నిమిషాలూ అయ్యాక లేచి నీ గదిలోకి పోయేవాడివి. మూతి ముడుచుకుని పడుకునేవాడివి. వెళ్ళేలోగా నువ్వు నా పక్కన కూర్చోవాలనిపించిందిరా. అదొక్కటే నాకు కావాల్సిన వాటా."

వజ్రం తల దించుకుని అరచేతులకేసి చూసుకున్నాడు. సెలూనునుంచి వస్తూ దారంతా మాటలు కూర్చుకున్నాడు.

"సగం నీదే, పట్టుకుపో అన్నాను చూడు. ఒళ్ళు మండి అన్నానే అక్కా. నీకు మంచి జరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ మాట నేనన్లేదనుకో."

"నేనెప్పుడో అనుకున్నాన్లే. నువ్వే గీతలు గీసుకుంటూ కూర్చున్నావ్." అతని తలమీద చెయ్యి వేసి, నెరిసిన జుట్టుని చిన్నప్పటిలాగే వెనక్కి దువ్వింది. "అద్దం మీద గీత గీసినా వంచేదాకా అది ఒక్కటేనని నువ్వే అంటావుగా. నేను వంచలేదుగా?"

అతను ఏడ్చాడు. చెప్పుకోవడానికేముంది, మీసాలు నెరిసినవాడు అక్క ముందు కూర్చుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. కొత్త డిస్కు పక్కన మెల్లిగా తిరుగుతూనే ఉంది. అక్క లేచి, వంటగదిలోంచి యాపిల్ తెచ్చి, రెండుగా కోసి పళ్ళెం ముందుకి తోసింది. కావాలని ఒక ముక్క పెద్దది కోసిందని చూడగానే తెలిసింది. వజ్రం ఈసారి మారుమాట్లాడకుండా పెద్దముక్కే తీసుకున్నాడు. అక్క మొహం విచ్చుకుంది.

తినడం అయ్యాక చొక్కా జేబులోంచి నల్లటి పర్సు తీశాడు. జిప్పు ఉన్న చిన్న పర్సు. అందులో ఆమె డిస్కు ఉంది. "అన్నీ ఉన్నాయి ఇందులో. నీ బొటనవేలుతో సహా." అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అన్నిటికంటే ముందు దాన్నే తన చేతిసంచిలో పెట్టుకుంది.

వీధిలో టాక్సీ హారన్ మోగింది. కుళాయి ఆయన దిగి, గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు, చేతిలో గొడుగు మాత్రం ఉంది. లోపలికి రావచ్చో లేదో తెలియని మనిషిలా చెప్పులు సగం విడిచి, సగం తొడుక్కుని ఉన్నాడు. వజ్రం రెండు సూట్‌కేసులూ ఎత్తుకెళ్ళి టాక్సీలో సర్దాడు. సర్ది, చేతులు దులుపుకుని, ఆయనవైపు తిరిగాడు.

"బావగారూ, అక్కకి కిటికీ పక్క సీటు ఇవ్వండి. లేకపోతే దారంతా కళ్ళు తిరుగుతాయి."

ఆయన గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఆ పిలుపు ఆయన ఎదురుచూసినది కాదు. "అలాగేనయ్యా. అలాగే. నువ్వు కూడా రావాలి మా ఊరు. మా కుళాయి..." అని నవ్వేశాడు.

"ఇంకా కారుతోందా అండీ?"

"ఎప్పుడూ కారలేదు" అన్నాడాయన, సిగ్గుపడుతూ.

అక్క గుమ్మందాకా వచ్చి ఆగింది. కళ్ళజోడు మర్చిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకునే బయటికొచ్చింది. స్టేషన్‌కి రావద్దంది. "నువ్వొచ్చి ప్లాట్‌ఫారం మీద స్తంభంలా నిలబడతావు, నేను ఎక్కలేను" అంది. టాక్సీ మలుపు తిరిగేదాకా కిటికీలోంచి ఆమె చెయ్యి ఊగుతూనే ఉంది. తర్వాత మలుపు దగ్గర దుకాణమూ, దానిముందు ఆడుతున్న పిల్లలూ మిగిలారు.

వజ్రం లోపలికొచ్చి తలుపు చేరవేశాడు. వంటగదిలో గరిటె చప్పుడు లేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. కంప్యూటరున్న మూలనుంచి మాత్రం సన్నగా, ఆగకుండా, ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తోంది. బాగానే కొన్నాననుకున్నాడు. పళ్ళెం కడిగి, తన చెక్కకుర్చీలో కూర్చోబోతూ పక్కకి చూశాడు.

అక్క కుర్చీలో, పూలగుడ్డ మెత్తమీద, జిప్పు జాగ్రత్తగా వేసిన నల్లటి పర్సు ఉంది.